గాలికుంటు కాదు, గిట్ట కుళ్ళు

తొంభైల చివర్లో పటమటలో ఉంటూ కంకిపాడు వైపు వార్తలు రాసేవాణ్ణి. వేసవిలో మినుము పీకేశాక మెట్ట ప్రాంతం నుంచి గొర్రెల మందలు దిగేవి. రాత్రిళ్ళు మందను చేలో నిలిపితే రైతుకు ఎరువు, కాపరికి గింజలు. ఆ ఏడు అకాల వర్షం మూడు రోజులు వదల్లేదు. బురదలో కుంటుతున్న గొర్రెల్ని రోడ్డు మీంచి చూసి, ఎవర్నీ అడక్కుండానే ఊరి పేరుతో సహా నాలుగు వాక్యాలు పంపాను. 'గొర్రెలకు గాలికుంటు' అని అచ్చయింది.

మర్నాడు పొద్దున్నే ఒక రైతు తన చేలోంచి మందను బయటికి తోలించాడు. గాలికుంటు గేదెలకూ అంటుతుంది. ఆయన పాడి గేదెలు ఆ పక్క పాకలోనే ఉన్నాయి. మిగతా రైతులూ రానివ్వలేదు. కాపరి, అతని భార్య మందతో సహా కాలవ గట్టు మీద నిలబడిపోయారు. ఇంకెక్కడా చోటు లేదు.

కబురు తెలిసి వెళ్ళాను.

"రండి, రండి! మీరు రాయబట్టి బతికిపోయామండీ" అన్నాడు రైతు.

కాపరి భార్య నన్ను ఎగాదిగా చూసింది. "రాసింది నువ్వేనా సారూ? నోరు జూసి రాశావా, కాలు జూసి రాశావా?"

నేను రెండూ చూడలేదు.

ఆమె ఒక గొర్రె దవడ పట్టి నోరు తెరిచింది. నాలుక, చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి. "గాలికుంటైతే ఈడ పొక్కులుండాల, చొంగ కారాల." తర్వాత దాని కాలెత్తి గిట్ట చీలిక విప్పింది. ఆ కంపుకు రెండడుగులు వెనక్కి వేశాను. "ఇది గిట్ట కుళ్ళు. బురదలో పట్టుద్ది. గొర్రె నుంచి గొర్రెకి పాకుద్ది."

"పేపర్లో గాలికుంటని పడిందిగా?" అన్నాడు రైతు.

"పేపర్లో తప్పు పడిందండీ. తప్పు నాదే."

"అయితే పేపరుకీ కుంటు పట్టిందన్నమాట!" అందామె. కాపరి నవ్వాడు. రైతు నవ్వలేదు.

"సరే, అది పాకుద్దంటున్నావుగా. ఇవాళ బాగున్నవి రేపు కుంటవని ఏంటి నమ్మకం?"

ఆమె మందకు వీపు తిప్పి నిలబడింది. కాపరి గొర్రెల్ని కొన్ని కొన్నిగా తారు రోడ్డు మీదుగా నడిపించాడు. నాకు అన్ని గిట్టలదీ ఒకటే చప్పుడు.

"ఆగు. ఆ చివర్దాన్ని పట్టు. ఎనక కుడికాలు" అందామె.

అది నా కంటికి చక్కగానే నడుస్తోంది. కాపరి పడుకోబెట్టి చూపించాడు. గిట్టల మధ్య చర్మం అప్పుడప్పుడే ఎర్రబడుతోంది. కంపు ఇంకా లేదు. అలా ఒకటి తర్వాత ఒకటి ఆమె వెనక్కి తిరక్కుండానే ఏరింది. రైతు పంచె ఎగ్గట్టి తనే కాళ్ళెత్తి చూడసాగాడు. ఒక్కటీ తప్పలేదు. నేను జేబులోంచి నోట్‌బుక్కు తీయడం మర్చిపోయాను. పని తెలిసినవాళ్ళను చాలామందిని చూశాను. గొర్రె కుంటక ముందే దాని నొప్పి విన్న మనిషిని మాత్రం అదే మొదటిసారి చూడడం.

కాపరి కుళ్ళిన గిట్ట అంచులు కత్తితో చెక్కి, మైలుతుత్తం కలిపిన నీళ్ళలో ఆ గొర్రెల్ని కాసేపు నిలబెట్టాడు. మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చి ఆమె ఏరినవీ ఏరనివీ చూశాడు. గాలికుంటు కాదన్నాడు. ఇక తను చెప్పడానికి ఏమీ మిగల్లేదన్నాడు.

రైతు ఒకసారి తన పాక వైపు చూశాడు.

"జబ్బువి గట్టు మీదే ఉంచమ్మా. మిగతావి పై చేలో దింపండి. అది మెరక, ఈపాటికి ఆరుంటుంది."