కనపడని ఎంటర్

"...కొట్టినా కొట్టినా అంటావే, యాడ కొట్టినావురా?"

"ఎంటర్ కొట్టినా అక్కా, సత్తియంగా. స్క్రీన్‌లో చూడు, రెండూ వేరే వేరే లైన్లే."

"నాకేంది చూపిస్తావు? మిషన్‌కి చూపించు."

అంగమ్మాళ్ కుడిచేతికి మోచేయి దాకా కట్టు ఉంది. మేట్టుపాళయంలోని ఆ వర్క్‌షాపులో పాత డ్రిల్లింగ్ మిషన్ నడిపేది ఆమే. దానికి కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసేది ఆమె పిన్ని కొడుకు హరిహరన్.

ఆమె చెయ్యి దురుసని ఆమె ఉండే రెడ్డియార్‌పాళయంలో అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు, బస్సులో నడుం గిల్లినవాడి ముక్కు టిఫిన్ క్యారియర్‌తో పగలగొట్టింది. సాంబారూ రక్తమూ కలిసి కారుతుంటే కండక్టర్ ఆమెనే దిగమన్నాడు. ఆమె దిగలేదు, వాణ్ణి తన్ని దించింది. మొగుడు ఒక్కసారే చెయ్యెత్తాడు. ఆ చేతిని తలుపు సందులో పెట్టి మూసింది. "ఇప్పుడు బంగారం మాదిరి ఉండాడు" అంటుంది.

ఆ మిషన్ ఇనప బిళ్ళకు రంధ్రాలు వేసి ఆగుతుంది. ఆమె బిళ్ళ మార్చి బటన్ నొక్కితే మళ్ళీ కదులుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు అక్షరాలు రావు. అందుకని, చెయ్యి విరిగిన వారం, హరిహరన్ ఆగమనే ఆజ్ఞకు పైన, ఇంగ్లీషు అక్షరాల్లో "బిళ్ళ మార్చక్కా" అని ఒక లైను చేర్చాడు. చేర్చింది తన లినక్స్ లాప్‌టాప్‌లో. అందులో ఎంటర్ కొడితే లైను చివర కంటికి కనపడని గుర్తు ఒకటే పడుతుంది. విండోస్‌లో రెండు పడతాయి; మిగతా ప్రోగ్రాం రాసింది అందులోనే. రెండూ ఉంటే తప్ప లైను ముగిసిందని పాత మిషన్ అనుకోదు. కింద ఉన్న ఆజ్ఞను కూడా అక్కకు రాసిన మాటల్లో కలిపేసుకుంది. మాటలు స్క్రీన్ మీద చూపించింది కానీ ఆగలేదు.

ఆమె అది చదివి చెయ్యి పెట్టింది. డ్రిల్లు పక్కకు జరిగి అరచేతిలోకి దిగింది. గ్లవ్స్ చుట్టుకుపోయి, చెయ్యి కూడా తిరిగింది. ఎముక విరిగిన చప్పుడు పక్క మిషన్ దాకా వినపడింది. ఎడమచేత్తో ఆమే మిషన్ ఆపే ఎర్ర బటన్ గుద్దింది.

"ఇంక అన్ని ఫైళ్ళలో రెండు గుర్తులూ పెట్టరా."

"కొత్త మిషన్లు ఒప్పుకోవక్కా, ఎర్రర్ ఇస్తాయి. ఓనర్ ఒకటే పెట్టమంటాడు. నీ మిషన్‌వి మాత్రం నేను మార్చి పంపిస్తాలే."

"మరిచిపోతే?"

హరిహరన్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఆమె ఎడమచేత్తో చెంప పగలగొట్టింది. కళ్ళద్దాలు ఎగిరిపడ్డాయి. వంగి తీసుకోబోతే మళ్ళీ కొట్టింది. పెదవి చిట్లింది.

"ఇదిరా కొట్టడమంటే. కనపడిందా?"

"ఆమా అక్కా, కనపడింది."

అతను చొక్కా అంచుతో నోరు తుడుచుకున్నాడు. ఆమె మిషన్ దగ్గరికి వెళ్ళి, దాని మీది ఇనప పొట్టును కట్టులేని చేత్తో దులిపింది.

"సోమవారం నించి వస్తా. నువ్వు పంపే ప్రతి ఫైలుకీ మొదటి బిళ్ళ నువ్వే నీ చేత్తో మార్చాల. బటన్ నేను నొక్కుతా."