వినాఅనుదాన్ కాలేజీ కోసం నాందేడ్ ప్రయాణం

తెలుగు సరిహద్దున ఉన్న మరాఠీ ఊరు ధర్మాబాదులో బట్టల దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళుగా మరాఠీలో బేరాలాడుతున్నవాడిని. నా మరాఠీకి వంక పెట్టేవాడు బజారులో లేడని నా గర్వం. ఎనభైల నడుమ ఒక వానాకాలం ఆ గర్వమే నన్ను నాందేడుకు రైలెక్కించింది.

మా పెద్దమ్మాయి పద్మ పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై, చదివితే కంప్యూటర్ ఇంజనీరింగే చదువుతానని పట్టుబట్టింది. డొనేషన్లకు భయపడి నెలరోజులు ససేమిరా అన్నాను. అంతలో నాందేడులో కొత్తగా తెరిచిన కాలేజీ ప్రకటన ఒకటి మరాఠీ పేపర్లో కనబడింది. అందులో ‘వినాఅనుదాన్’ అని ఉంది. వినా అంటే లేకుండా. దాన్ అంటే దానం, అంటే డొనేషనే కదా! "డొనేషన్ లేదంట! పోదాం పా బిడ్డా" అని ఎగిరి గంతేశాను. పద్మ ప్రకటన చదివింది, తల ఊపింది, లోపలికి వెళ్ళి సంచి సర్దుకుంది.

మర్నాడు ఉదయం ఏడున్నర ప్యాసింజరు పట్టుకున్నాం. ఊరికే అడిగి రావడానికి సర్టిఫికెట్లన్నీ ఎందుకు మోస్తున్నావని కసిరాను. "ఉండనియ్యి బాపు" అంది. ఉమ్రిలో ఎక్కిన ముసలవ్వ ఒకామె మా ఎదుట మిరపకాయల మూట దించి, "ఏం సదువుతవు బిడ్డా?" అని అడిగింది.

"కంప్యూటర్, అవ్వా. లెక్కలు జేసే మిషిని."

"ఎందుకు, మీ బాపుకు లెక్కలు రావా?" అంది అవ్వ. పెట్టె పెట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, తప్పుతుందా!

పదింటికి నాందేడులో దిగాం. స్టేషను బయట అటుకుల పోహా బాగుంటుంది. చాయ్ మాత్రం రెండో బండి దగ్గర తాగండి, మొదటివాడిది వట్టి వేడినీళ్ళు. రిక్షాలో ఆ కొత్త కాలేజీకి వెళ్ళాం. అద్దె మేడ, ఇంకా రంగు వాసన పోలేదు. గుమాస్తా ఫీజుల కాగితం ముందుకు తోశాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. డొనేషన్ లేదని పేపర్లో వేసి ఇదేమిటని మరాఠీలో కేకలేశాను. నా మరాఠీ యాస వినగానే ఆయన తెలుగులోకి దిగాడు.

"మీది ధర్మాబాద్ దిక్కా, శేట్? వినాఅనుదాన్ అంటే డొనేషన్ లేకుండ కాదు. సర్కారు ఈ కాలేజీకి పైస ఇయ్యదు. అంత మీరే కట్టుకోవాలె."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మెట్లు దిగుతూ పిల్ల మొహం చూడలేకపోయాను. "నీకు ఒట్టిగనే ఆశ పెట్టిన బిడ్డా" అన్నాను. "ఆకలైతుంది బాపు" అంది పద్మ.

గురుద్వారా లంగరుకు వెళ్ళాం. అక్కడ ఎవరు వెళ్ళినా కూర్చోబెట్టి అన్నం పెడతారు. తలకు గుడ్డ కట్టుకోవాలి, రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి, అంతే. పప్పూ రొట్టే కడుపునిండా తిన్నాక, రెండున్నర బండికి పోదామంటే పద్మ కదల్లేదు.

"ఇంకొక్క తావు జూసి పోదాం. సర్కారు అనుదాన్ ఉన్న కాలేజీ. గా దాంట్ల ఫీజు తక్కువ. ఫారం ఇచ్చేటందుకు ఇయాల్నే ఆఖరి దినం."

మూడున్నరకు అక్కడికి చేరాం. కిటికీ నాలుగింటికి మూసేస్తారు. పద్మ సంచిలోంచి ఫారం తీసింది. వాళ్ళ సారును అడిగి ముందే తెప్పించుకుందట. అంతా నింపి, ఫోటో కూడా అంటించి ఉంది. ఒక్క గడి ఖాళీగా ఉంది: ‘పాలకాచీ సహీ’, అంటే తల్లిదండ్రుల సంతకం. ఈసారి రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టాను. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు రసీదు చేతికొచ్చింది.

తిరుగు బండి ఐదున్నరకు. ముద్‌ఖేడ్ దాటేదాకా ఆగి, ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఆ మాటకు అర్థం నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కనే."

"మరి ఇంట్లనే ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బండెక్కుతుంటివా, బాపు?"

ఎక్కేవాణ్ణి కాదు. నెలరోజులు పిల్ల మాట చెవిన పెట్టని మొండివాణ్ణి, ఎలా ఎక్కుతాను? నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దాని తల మీద చెయ్యి వేసి, ధర్మాబాదు వచ్చేదాకా తియ్యలేదు.

కొన్నాళ్ళకు సీటు వచ్చిందని కార్డు అందింది. ఈ దారిన వెళ్ళే తండ్రులకు నేను చెప్పేది ఇంతే. ప్రకటన పిల్లలతో చదివించుకోండి. సంతకం మాత్రం ఆలస్యం చెయ్యకండి.