మాఫీ కోసం అడిగి వేయించుకున్న బిల్లు

ఒమాన్‌లో జీతం మీద పన్ను లేదు. అందుకు ప్రతి శుక్రవారం ప్రార్థన కూడికలో దేవునికి కృతజ్ఞతలు చెప్పేవాళ్లం. మాఫీ చేయాలంటే ముందు ఏదో ఒకటి వసూలు చేయాలి కదా అని కాబోలు, తొంభైల మొదట్లో మా కంపెనీ మస్కట్‌లో, ఘాలాలోని స్టాఫ్ ఇళ్లకు కరెంటు చార్జీ పెట్టి జీతంలో కోయడం మొదలుపెట్టింది. ఇంట్లో వేడి తగ్గే పని చేయించుకుంటే ఖర్చులో సగం ఆ చార్జీలోంచి తగ్గిస్తామని వెంటనే సర్క్యులర్ కూడా వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే.

కూడిక జరిగేది మా ఇంటి హాల్లో. వాక్యం చెప్పేది నేను. కూడికకు వచ్చే మా కంపెనీ కరీంనగర్ మేస్త్రీ ఒకతను సెలవు రోజున మా డాబా మీద రెండు పూతలు సున్నం వేశాడు. కూలి ఇవ్వబోతే, "ప్రార్థన జరిగే ఇంటికి కూలేంది అన్నా" అన్నాడు. సున్నం కొన్న బిల్లు జతచేసి పంపాను. నెల తిరక్కుండా మాఫీ వచ్చింది.

ఆ శుక్రవారం సాక్ష్యం చెప్పాను. ప్రభువు నా ఇంటి కప్పును ఎలా జ్ఞాపకం చేసుకున్నాడో పావుగంట వర్ణించాను. సున్నం వేసిన చేతుల మాట ఎత్తడం మరిచాను. ఆ చేతులు ముందు వరసలోనే చప్పట్లు కొట్టాయి.

భోజనాల దగ్గర మేస్త్రీ మెల్లగా అడిగాడు. "అన్నా, గసొంటి కాయితం మా రూమ్‌కు గూడ పెట్టరాదుండ్రి? రేకుల కప్పాయె. రాత్రి డ్యూటీ జేసొచ్చినోళ్లు పగటీలి పండలేకపోతున్నరు. మొన్న ఒకడు నిద్రలేక సైట్ల సోలిపోయిండు."

అకౌంట్స్ ఆఫీసర్‌ని అడిగాను. ఆయన హిందీలో నవ్వాడు. "బిల్ హీ నహీ, తో మాఫీ కైసీ?" మేస్త్రీలు, కూలీలు ఉండే లేబర్ క్యాంపుకు కరెంటు ఉచితం. చార్జీయే లేనివాడికి తగ్గించడానికి ఏముంది?

ఆ మాట న్యాయంగానే తోచింది. ఒక పూట ఉపవాసముండి ప్రార్థించాను. ఆలోచన తట్టింది, ఘనత దేవునికే ఇచ్చాను. 'వాళ్లకూ చార్జీ వేయండి' అని అర్జీ టైపు చేసిచ్చాను. మేస్త్రీ రూమ్‌లో సంతకాలు పెట్టించాడు.

"బిల్లెయ్యమని బతిమాలుకునుడేందిర?" అని ఎవరో నవ్వారట.

"మా అన్న దేవుని మనిషి. ఊకె జెప్పడు" అన్నాడట ఇతను.

కంపెనీ అంత తొందరగా ఒప్పుకున్న అర్జీ నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. మరుసటి జీతంలోనే క్యాంపు మొత్తానికి చార్జీ కోశారు. మాఫీ మాత్రం రాలేదు. మాఫీకి పనికొచ్చే పనుల జాబితాలో 'కాంక్రీటు కప్పు' అని ఉందట, రేకు అందులోకి రాదట. ఆ జాబితా టైపు చేసిందీ నేనే.

తరువాతి కూడికలో, సాక్ష్యాలున్నాయా అని అడిగాను. మేస్త్రీ లేచాడు.

"దేవుడు మా ప్రార్థన సగం ఇన్నడు. బిల్లు అచ్చింది."

అందరూ "ఆమేన్" అన్నారు. నా ఆమేన్ కొంచెం ఆలస్యమైంది.

వెళ్లేటప్పుడు, "మీ ఇంట్ల సున్నం మిగిలిందా అన్నా?" అని అడిగాడు. అర బస్తా ఉంది. ఎండ వాలాక నేనే భుజాన వేసుకుని క్యాంపుకు వెళ్లాను. నిచ్చెన కింద అలవాటు కొద్దీ చెప్పులు విడిచి పైకెక్కాను. బకెట్టులో నీళ్లు పోస్తున్న మేస్త్రీ తలెత్తి చూసి అరిచాడు.

"అయ్యో, చెప్పులేసుకోండ్రి అన్నా! ఇది మందిరం గాదు, కాళ్లు కాల్తయి!"

అప్పటికే ఒక కాలు రేకు మీద పెట్టేశాను.