మొగుళ్లపల్లి చెరువులో బావ దించిన ఇల్లు

నీళ్ల కింద మనిషి బతికే ఇల్లు కట్టాలన్న పిచ్చి మా బావ సమ్మయ్యకు ఎలా పట్టిందో నాకు తెలియదు. జనగామలో ఆయనది వెల్డింగ్ షాపు. ఎనభైల మొదట్లో కాగితం మీద బొమ్మ గీసుకుని, రెండు ఇనుప డ్రమ్ములు కోసి అతికించి, అడుగు తెరిచి, పైన గాజు బిళ్ల బిగించి ఇదే ఇల్లన్నాడు. లోపల కూర్చోవడానికో చెక్క, చుట్టూ సీసాల్లో చెరువు నాచు. ఎండ తగిలితే నాచే గాలి ఇస్తుందట, కూరకు చేపలు ఎలాగూ ఉంటాయట. "మరి ఉప్పెవలిస్తరు?" అని అక్క అడిగితే వినబడనట్టు గాజు బిళ్ల తుడవసాగాడు. దాన్ని నీళ్లలో దించి చూడటానికి ఆయన సొంతూరు మొగుళ్లపల్లికి ముగ్గురం బయలుదేరాం.

తెల్లవారే బస్సెక్కి హన్మకొండలో దిగి, పరకాల బస్సు పట్టుకుని, అక్కడ ఇంకో బస్సు మారాం. డ్రమ్ము బస్సు టాపు మీదికెక్కింది. "ఏందన్న గిది, వడ్లు పోసే గుమ్మియా?" అన్నాడు కండక్టర్. ఇల్లని బావ చెప్పాడు. "ఇంటికి టికెట్ కొట్టుడు నాకు రాదు, లగేజీ కింద రాస్త" అని ఇద్దరు మనుషుల చార్జీ రాశాడు. భోజనాల వేళకు ఊరు చేరాం.

చెరువులోకి దించితే, బోర్లించిన చెంబులో గాలి నిలిచినట్టు డ్రమ్ములోనూ నిలిచింది. అందుకే అది మునగనంది. ఇసుక సంచులు కట్టగా కట్టగా ఛాతీలోతు నీళ్లలో కూర్చుంది. మా వైపు బావిలో దిగేవాడి తాడు బామ్మర్దే పట్టాలి. అక్క పసుపుకుంకుమల మీద వాడికుండే పట్టింపు ఇంకెవరికుంటుంది? బావ నడుముకు కట్టిన తాడు అలా నా చేతికొచ్చింది. "నేను గుంజుతుంటే మంచిగున్నట్టు. నువ్వు మాత్రం గుంజకు, నాచు పనిజేస్తదో లేదో తెల్వాలె" అని చెప్పి మునిగి లోపలికి దూరాడు.

చాలాసేపు తాడు కదులుతూనే ఉంది. తర్వాత ఆగింది.

"గుంజొద్దన్నడు గదక్కా" అన్నాను.

"గుంజు తమ్మీ. కోపానికొస్తే నేను పడ్త."

ఇద్దరం కలిసి లాగాం. బావ తల వాల్చి, దగ్గుతూ తేలాడు. పెదవులు నీలమయ్యాయి. "ఎందుకు గుంజిన్రు? జర నిద్ర పట్టింది, గంతే" అన్నాడు. నాచు గాలి చాలలేదని నాకర్థమైంది. అక్క బురదలోనే కూర్చుని ఏడ్చింది.

ఇప్పటికీ ఆ చెరువు తలుచుకుంటే భయం కన్నా బావ మీద కోపమే ముందొస్తుంది. అంత తెలివి పెట్టి గీసిన బొమ్మలో అక్కకు జాగానే లేదు. మీరు అటు వెళితే చలికాలం పొద్దున వెళ్లండి, నీళ్లు తేటగా ఉంటాయి. పరకాల తిరుగు బస్సు సంగతి దిగగానే అడిగి పెట్టుకోండి. ఆ రోజు మేం తిరుగు బస్సెక్కామో లేదో బావ టికెట్ వెనక ఆ ఇంటి బొమ్మ మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. అక్క వంగి చూసింది.

"ఇంకో చెక్క గీయి. ఒకలకు నిద్రొస్తే ఒకలు లేపుతరు."

"ఇద్దరుంటే గాలి జల్ది ఒడుస్తదే."

"ఒడిస్తే జల్ది బయటికొద్దాం."