దీపం కొండెక్కేదాక

వరంగల్ల మా బజార్ల ఏ దుకాణం కాలినా పేరు ఒక్కటే, షార్ట్ సర్క్యూట్. ఫైరింజన్ రాకముందె ఆ మాట వస్తది. తెల్లారి పేపర్ల సుత అదే. ఎండకాలం వచ్చిందంటె ఒక ఊర్ల పత్తి కాలె, ఇంకో ఊర్ల బట్టల గోదాం కాలె, మిల్లు కాలె. దేశంల గింత సొమ్ము బూడిదైతాంటె జర ఎవ్వలన్న కూసోని ఎందుకైందని అడుగుతరా? అడగరు. కరెంటు మీదికి తోసి చాయ్ తాగుతరు. నాకు ఆ మాట వింటె అరికాలి మంట నెత్తికెక్కుతది.

నాది మ్యాచింగ్ దుకాణం. జాకెట్ గుడ్డలు, లంగలు, ఫాల్సులు. పక్క షట్టర్ గాజుల దుకాణం. అది నడిపే ఆమె నన్ను వదినె అనేది, నేను ఆమెను వదినె అనేది. చుట్టరికం ఏం లేదు. ఇద్దరికీ పెనిమిట్లు లేరు, ఇంటికి పోతె తలుపు తీసెటోళ్లు లేరు. పొద్దంతా గోడకు ఆ దిక్కు ఆమె, ఈ దిక్కు నేను. గిరాకి లేనప్పుడు కొట్లాడుకునేది, మళ్ల ఒక్క చాయ్ రెండు గ్లాసులల్ల పోసుకునేది. ఈ బజార్ల నాకున్నది ఆ ఒక్క మనిషే.

దుకాణం కట్టేసే ముందట ఆమె రోజూ గోడ మీద కొట్టి అడిగేది, "వదినె, మెయిన్ బంద్ చేసినవా?"

"చేసిన తల్లీ, చేసిన. నీ ఫికర్ నాకంటుకునేటట్టున్నది."

"ఏమో వదినె, కరెంటును నమ్మరాదు."

ఆమెకు కరెంటంటె గంత భయం. తన మెయిన్ కిందికి గుంజి, నన్ను పిలిచి చూపెట్టేది. చూపెట్టినంక లక్ష్మమ్మ ఫోటో ముంగట దీపం పెట్టి, దండం పెట్టి, దీపం అట్లనె వెలుగుతాంటె షట్టర్ గుంజి తాళమేసేది. నేనూ గంతే. బజారంతా గంతే. వెలిగే దీపాన్ని మనం ఆర్పొద్దు, అదే కొండెక్కాలె. చుట్టూ అట్టపెట్టెలు, రిబ్బన్లు, ప్లాస్టిక్ పూలు, నడుమ నూనె దీపం. మాకెవ్వలకూ భయం కాలె.

ఒక దినం దుకాణాలు కట్టేసి పోయినంక, నేను ఇంటికాడ ఆటో దిగుతాంటెనె ఫోనొచ్చింది. తిరిగి పోయేసరికి ఆమె షట్టర్ సందులకెల్లి నల్లటి పొగ వస్తాంది. ఫైరింజన్ గల్లి మలుపు కాడనె ఇరికింది. తోపుడు బండ్లు, స్కూటర్లు, దుకాణాల ముంగట పరదాలు, ఇంజన్ యాడికెల్లి వస్తది? వదినె రోడ్డు మీద కూలబడి నోట్లె కొంగు కుక్కుకున్నది. మంట ఆరినంక చూస్తె ఎర్ర గాజులు, పచ్చ గాజులు కరిగి ఒక్క ముద్దయినయి. నా గోడ నల్లవడ్డది, గుడ్డలు తడిసినయి, గంతటితోని బయటవడ్డ.

తెల్లారి బజారోళ్లంతా గుమిగూడిండ్రు. "షార్ట్ సర్క్యూటే," అన్నడు ఒకాయన. "అంతే, అంతే," అన్నరు అందరు. వదినె సుత తలకాయ ఊపింది.

నాకు ఆగలె. "మెయిన్ బంద్ ఉన్న దుకాణంల షార్ట్ సర్క్యూట్ యాడికెల్లి వస్తదయ్యా? బంద్ చేసుడు నా కండ్లతోని చూసిన. చూడుండ్రి, ఇప్పటికీ కిందికే ఉన్నది. ఎలుకలు నూనె వత్తిని గుంజుకపోతయని మీకెరుక లేదా? దీపంతోనె కాలింది. రేపు మీయి సుత గిట్లనె కాల్తయి. దీపం పెట్టి తాళమేసుడు బంద్ చేయుండ్రి!"

వదినె నా దిక్కు చూసిన చూపు ఇంకా కండ్లల్ల మెదుల్తది.

"అంటె నా దుకాణం నేనే కాల్చుకున్ననా వదినె? పది మందిల గా మాట అంటవా?" అన్నది. నెక్కొండల తమ్ముని ఇంటికి పోయింది. ఫోన్ చేస్తె ఎత్తలె.

నేను చెప్పింది అబద్ధమా? ఇయ్యాల అడిగినా అదే చెప్త. గని బజార్ల దీపాలు ఎప్పటి తీర్గనే వెలుగుతానయి, నేను మాత్రం ఒంటిదాన్నయిన. గోడ అవుతల చప్పుడు లేదు. మెయిన్ బంద్ చేసినవా అని అడిగెటోళ్లు లేరు. చాయ్ ఒక్క గ్లాసే.

దీపం మాననీకి నాకూ మనసొప్పలె. ఊదనీకి నోరు రాలె. అందుకే చుక్కంత నూనె పోసి ముట్టిచ్చి, అది కొండెక్కేదాక స్టూలేసుకోని ముంగట కూసుంటాన్న.

"ఏందక్కా, లక్ష్మమ్మకు వాచ్‌మెన్‌గ కుదిరినవా?" అని నవ్విండు ఎదురు దుకాణపాయన.

"అవ్ తమ్మీ, నువ్వు తాళమేసి పోయినంక నీ లక్ష్మమ్మను సుత నేనే చూస్తాన్న," అన్న.

అన్న గని, నిజం చెప్పాల్నంటె కొన్ని దినాలు నూనె జర ఎక్కువనె పోస్త. ఇంటికి పోయి చేసేదేమున్నది?

మొన్న వాన పడుతాంటె గట్లనె కూసున్న. ఫోన్ మోగింది. చూస్తె వదినె.

"దీపం కాడ కూసుంటున్నవట గదా," అన్నది, కోపం కోపంగనె.

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"బజారు చెప్పదా? కొండెక్కిందా?"

"ఇంకా లేదు."

"నాదీ ఎక్కలె. ఈడ నేను సుత కూసుంటాన్న. మా మరదలు నవ్వుతాంది."

ఫోన్ ఇద్దరం పెట్టలె. ఫోన్‌ల ఆళ్ల ఇంటి టీవీ వినవడుతాంది. నేను వత్తినె చూస్తాన్న. జరసేపటికి మంట చిన్నగయి, పొగ లేసింది.

"నాది ఎక్కింది వదినె."

"మరి మెయిన్ బంద్ చేసినవా?"

లేచి ఫోన్‌ను స్విచ్ కాడికి పట్టుకపోయి మెయిన్ కిందికి గుంజిన. టక్కుమన్నది.

"విన్నవా?" అన్న.

"విన్న," అన్నది ఏడ్చుకుంట. "ఇగ ఇంటికి పో."