ఎవరివో చూడకుండా తుడిచేశాను

మా ఆఫీసు మొయినాబాద్‌లో, ఓ హార్డ్‌వేర్ షాపు పై అంతస్తులో ఉంది. కూరగాయల మార్కెట్లలో వాడే కాటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. పరీక్షించుకోవడానికి మాకున్న కాటా ఒక్కటే, దానికి తగిలించిన కంప్యూటరూ ఒక్కటే. అందుకే వంతులు. వంతు అయిపోయినవాళ్లు సగంలో ఉన్న కోడ్ మార్పులను పక్కన దాచిపెట్టి లేవాలి. మళ్లీ వంతు వచ్చినప్పుడు బయటికి తీసుకుంటారు. దీన్ని స్టాష్ అంటాం. దాచేటప్పుడు దానికో పేరు పెట్టొచ్చు. ఎవరూ పెట్టరు, నాతో సహా.

నాతో ఆ కాటా పంచుకునేది ఆలూరు నుంచి బస్సులో వచ్చే ఓ అమ్మాయి. చేరి ఆరు నెలలు కావస్తోంది. తూకం చీటీ తెలుగులో వచ్చేలా చేసే పని ఆమెది. శుక్రవారం మేనేజరు ముందు చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

ఆ వారం సోమవారం పొద్దున నా వంతు. దాచినవాటి జాబితా తెరిస్తే పేరూ ఊరూ లేనివి తొమ్మిది కనిపించాయి. నేనే ఎప్పుడో పడేసిన చెత్త అనుకున్నాను. చిందరవందరగా ఏదైనా కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క కమాండుతో అన్నీ తుడిచేసి, హమ్మయ్య అనుకుని టీకి వెళ్లాను.

బుధవారం భోజనాల వేళ ఆమె బాక్సు కూడా తెరవకుండా కాటా ముందే కూర్చుని ఉంది.

"ఇంకా ఆ చీటీ దగ్గరే ఉన్నావా? పోయిన వారమే అయిపోవచ్చిందన్నావుగా! ఇలాగైతే ఎలాగమ్మా?" అని అందరి ముందూ అనేశాను.

"ఐతదన్నా" అంది, తల ఎత్తకుండా.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి, పాత కమాండు ఏదో కావాలని, ఆ కంప్యూటర్‌లో అంతకుముందు కొట్టినవాటిని ఒక్కొక్కటే వెనక్కి చూస్తున్నాను. దాచినవాటి జాబితా చూపించు అన్న కమాండు వచ్చింది. మళ్లీ అదే. మళ్లీ అదే. వరసగా పద్నాలుగు సార్లు కొట్టి ఉంది. వాటికి సరిగ్గా ముందు, నేను తుడిచేసిన కమాండు. ఆ తొమ్మిదిలో ఆమెవీ ఉన్నాయి. ఖాళీ జాబితాను ఆ పిల్ల అన్నిసార్లు చూసుకుందన్నమాట.

తుడిచేసినా అవి వెంటనే పోవు, కొన్నాళ్లపాటు కంప్యూటర్‌లోనే పడి ఉంటాయి. వెతికి తీయడం నాకు తెలుసు. పది నిమిషాల్లో తీశాను. ఆమె రాగానే జరిగింది చెప్పాను.

"ఇప్పుడెందుకన్నా, మొత్తం మల్ల రాసిన. నిన్న పొద్దుమీకి అయిపోయింది" అంది.

పదకొండింటికి చేవెళ్ల మార్కెట్‌లో కొన్న టమాటాలు కాటా మీద పెట్టింది. చీటీ తెలుగులో బయటికొచ్చింది. ఇంత ఆలస్యమెందుకైందని మేనేజరు అడిగితే, తప్పు నాదని చెప్పాను. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

మెట్లు దిగుతుంటే ఇక ఆగలేకపోయాను. "నన్నొక్క మాట అడగాల్సింది కదమ్మా! పది నిమిషాల పని! మూడు రోజులు తిండి మానేసి కూర్చుంటారా ఎవరైనా? బుద్ధుందా?" గొంతు దానంతటదే పెరిగింది.

ఆమె రెండు మెట్లు కింద ఆగింది.

"నేనే ఏదో తప్పు చేసి పోగొట్టిన అనుకున్నన్నా. అడిగితే గిట్లనే ఒర్లుతరని అడగలే."