ముందు ఆడి పేరు నేర్పు

వరహాలు మా బడికి వచ్చిన మొదటి సాయంత్రమే నాతో గొడవ పెట్టుకున్నాడు. అది 1980. విశాఖ పాతపట్నంలో మా నాన్న పీర్ మహమ్మద్ రేకుల దుకాణం వరండాలో నేను వయోజన విద్య బడి నడిపేదాన్ని. మిగతా బళ్లు వద్దన్నవాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు. రేవు పనిలో వేళ్లు పోయిన కళాసీలు, చెవులు వినపడని దేముడమ్మ, పదిసార్లు చెబితే గాని ఒక్కటి ఎక్కని సన్యాసిరాజు. వరహాలుకి రెండు కళ్లూ లేవు.

"ముందు నీ పేరు నేర్చుకో అన్నా. ఇక్కడ అందరూ అదే చేస్తారు" అన్నాను.

"నా పేరుతో నాకేటి పనమ్మా? ముందు ఆడి పేరు నేర్పు. ఎల్లారావు!" అన్నాడు.

ఎల్లారావంటే రేవులో అతని ముఠా మేస్త్రీ. వరహాలు పదకొండేళ్లు అతని కింద బస్తాల మీద గుర్తులు కొట్టాడు. అక్షరాలు కత్తిరించిన రేకుని బస్తా మీద పెట్టి, పైన కుంచెతో నల్లరంగు పూస్తే గుర్తు పడుతుంది. దానికి చదువక్కర్లేదు. ఒకరోజు మేస్త్రీ ఆ పని మాన్పించి, కారుతున్న కాస్టిక్ సోడా పీపాకి మూత బిగించమని పంపాడు. అది చిమ్మి మొహాన పడింది.

అంతటితో ఆగాడా ఆ దుర్మార్గుడు? ఆసుపత్రిలో కట్లతో పడున్నవాడి బొటనవేలు పట్టుకుని, మందుల కాగితమని చెప్పి ముద్ర వేయించుకున్నాడు. తీరా అందులో ఉన్నది, వరహాలు తాగొచ్చి, వద్దన్నా వినకుండా పీపా ముట్టుకున్నాడని! జన్మలో చుక్క ముట్టని మనిషి తాగుబోతైపోయాడు. కట్టుకున్న సీతాలు కూడా ఆ మాటే నమ్మింది. ఆ కాగితం చెల్లకూడదు, ఎల్లారావు నలుగురిలో తల దించుకోవాలి. వరహాలుకి ఇంక వేరే కోరిక లేదు.

వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. క్షమించమని చెప్పే పంతులమ్మ కావాలంటే ఇంకో బడి చూసుకోవాలి. నేను మాత్రం ఆ రాత్రే నాన్న వెంటపడి నాలుగు రేకులు కత్తిరించమన్నాను. ఎ, ల్లా, రా, వు.

వరహాలు ఆ సందుల్లో వేలు పెట్టి తడుముతూ నేర్చుకున్నాడు. ఏది పైనో ఏది కిందో తెలియక మొదట్లో అన్నీ తిరగేసేవాడు. నాన్న ప్రతి రేకుకీ కుడివైపు పైమూల కాస్త మడిచి ఇచ్చాక ఆ బాధ తప్పింది. ‘ల్లా’ దగ్గరే మూడు వారాలు పట్టింది. వేళ్లు తెగితే చొక్కాకి తుడుచుకుని మళ్లీ తడిమేవాడు.

తనిఖీకొచ్చిన ఆఫీసరు ముక్కు చిట్లించాడు. "కళ్లులేనివాడికి అక్షరాలేంటమ్మా? అదీ పరాయివాడి పేరు! వాచకంలో ఉన్నది చెప్పు."

"వాచకంలో ఉన్నది ఆయనకక్కర్లేదు సార్. అక్కర్లేనిది నేర్పడానికి నాకూ తీరిక లేదు" అన్నాను. నా మీద ఏదో రాసుకుని పోయాడు.

ఆ కాగితం చెల్లదని లేబరాఫీసులో అర్జీ పెట్టిన ఏడాదికి విచారణకి పిలిచారు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఎల్లారావు తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు, చంకలో పేపరు పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. లేబరాఫీసరు కాగితం చివరి వాక్యం పైకి చదివాడు. "మేస్త్రీ ఎల్లారావు చదివి వినిపించగా, ఒప్పుకుని వేలిముద్ర వేశాను." తలెత్తి, "నువ్వే చదివావా?" అనడిగాడు.

"నానే సార్. అచ్చరం అచ్చరం సదివి ఇనిపించినాను."

వరహాలు లేచాడు. "ఓ ముక్క రాత్తాను సార్. ఓ అట్ట ఇప్పించండి."

సంచిలోంచి రేకులు, కుంచె, రంగుడబ్బా తీసి, మూలలు తడిమి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి రంగు పూశాడు. నాలుగూ జానెడేసి అక్షరాలు. ఒక్కటీ వంకర పోలేదు.

"మేస్త్రీ గారిని సదవమనండి సార్" అన్నాడు.

ఎల్లారావు అట్ట కేసి చూశాడు. మెడ తుడుచుకున్నాడు. "కళ్లజోడు మర్సిపోనాను సార్."

"ఇంతింత అక్షరాలకి కళ్లజోడెందుకయ్యా? చదువు."

వయోజన బడిలో ఎవరైనా మొదట నేర్చుకునేది ఏమిటో ఎల్లారావుకీ తెలుసు. ధీమాగా నవ్వి, "ఏటుంది సార్, ఈడి పేరే. వరహాలు" అన్నాడు.

"అది నీ పేరయ్యా" అన్నాడు ఆఫీసరు.

గుమ్మంలో ఉన్న బంట్రోతుతో సహా అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. వేలిముద్ర కాగితం చెల్లదని అక్కడే రాశారు. నెల తిరక్కుండా ముఠా ఎల్లారావు చేతిలోంచి పోయింది.

బయటికొచ్చాక అడిగాను, "వాడికి చదువు రాదని నీకెలా తెలుసన్నా?"

"ఓసారి రేకు తల్లకిందులుగా పెట్టి నలభై బస్తాలకి కొట్టీసినాను. ఆడు ముందు నిలబడి సూసి, బాగుందిరా అన్నాడు. గుమస్తా వొచ్చి తిడితే గాని తెలవలేదు, ఆడికీ నాకూ."

ఇన్నాళ్లూ నాకు కూడా చెప్పలేదు, గట్టివాడు! నాలుగడుగులేశాక అతనే అడిగాడు. "పంతులమ్మా, నీ పేరయ్యా అన్నప్పుడు ఆడి మొకం ఎలాగుంది?"

ఆ మొహం అతనికి కనపడలేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. నడిరోడ్డు మీద ఆగి, నోరెలా తెరుచుకుందో, చెంపలెలా వణికాయో, చంకలో పేపరు ఎలా జారి పడిందో అంతా చెప్పాను. "ఇంకోపాలి సెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.